ఆదివారం ఎండ

రండి, దగ్గరికి జరగండి. గోడవారగా నిలబడ్డాయన కూడా కూర్చోవాలి, లేకపోతే వెనకవాళ్ళకి కథ కనబడదు. దగ్గేవాళ్ళు ఇప్పుడే దగ్గేయండి. నోట్లో మాటలుంటే మింగేయండి, కథ అయ్యాక మళ్ళీ తీసుకోవచ్చు. ఈ వారం ఆ ఇంట్లో ఒక్కరూ గొంతు పెంచి మాట్లాడరు. మనం గుసగుసలాడినా వాళ్ళ మాట వినబడదు.

పెద్దాయన గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాడు. పొద్దున ఏడింటికి కూర్చున్నవాడు ఒంటిగంటైనా లేవలేదు. ఒళ్ళో గోనెసంచి. చంటిబిడ్డని పడుకోబెట్టుకున్నట్టు దాన్ని మడిచి పెట్టుకున్నాడు. ఎవరైనా బయటికి వెళ్ళాలంటే ఆయన్ని దాటాలి, ఆయన్ని దాటాలంటే ఆ సంచిని దాటాలి. ఎవరూ దాటలేదు.

ఆ వేళ ఎండ ఎలా ఉందంటే, గోడ మీది బల్లి ఒక కాలు దించి ఒక కాలు ఎత్తి నిలబడుతోంది. కుళాయి తిప్పితే ముందు ఆవిరి వచ్చి, వెనకాల నీళ్ళు బయల్దేరాయని కబురు చెప్పి పోయింది.

లోపలి గదిలో కొడుకు పడుకుని ఉన్నాడు. నిన్న మధ్యాహ్నం పెంకుల ఫ్యాక్టరీ యార్డులో, పలక మీద పదహారు పచ్చి పెంకులు మోసుకుంటూ, నడుస్తున్నవాడు నడుస్తున్నట్టే కూలిపోయాడు. పడుతూ కూడా పలకని రెండు చేతులా పైకెత్తి పట్టుకున్నాడనీ, పదహారులో ఒక్క పెంకూ వంకర పోలేదనీ తోటివాళ్ళు చెప్పుకున్నారు. ఆస్పత్రిలో ఒక పూట ఉంచి ఇంటికి పంపేశారు. ఒంట్లో వేడి దిగింది గానీ చూపు ఇంకా యార్డులోనే ఉంది.

అతను పడిపోయిన సమయానికి గేటు దగ్గరి నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసి ఉన్న అంకె నలభై ఒకటి. అంకె నలభై మూడైతే సైరన్ వెయ్యాలి, నాలుగింటిదాకా పని ఆపాలి. అది ఫ్యాక్టరీ నియమం. ఆ సైరన్ మోగి పదకొండేళ్ళయింది.

అంకె రాసింది పెద్దాయనే. యార్డు చివర, చీలికల తలుపులున్న తెల్ల చెక్కపెట్టెలో థర్మామీటర్ ఉంటుంది. పెంకు ఎన్నాళ్ళు ఆరాలో, ఎప్పుడు బట్టీకెక్కాలో ఎండని బట్టే కాబట్టి, పాత యజమాని కాలం నుంచీ రోజూ ఆ గాజుగొట్టం చూసి పుస్తకంలో రాసిపెట్టడం ఆనవాయితీ. యార్డు కాపలాతో పాటు ఆ పనీ పెద్దాయనదే. బడి గడప ఎక్కని మనిషి అంకెలు మాత్రం ముత్యాల్లా రాస్తాడు.

కూతురు గుమ్మానికి రెండు గజాల దూరంలో గోడకి చేరగిలి కూర్చుంది. ఒళ్ళో కాగితాలు. తండ్రి ఒళ్ళో సంచి, కూతురు ఒళ్ళో కాగితాలు, ఇద్దరి మధ్యా ఎండ చాప పరిచినట్టు పడి ఉంది.

ఆమె పనిచేసేది ఎండ లెక్కల ఆఫీసులో. చెయ్యి చూసి చెప్పేవాళ్ళ పని కాదు అది. గడిచిన ముప్పై ఏళ్ళ ఎండని ముందేసుకుని మూడు గుర్తులు పట్టుకోవాలి. ఏడాదిలో నలభై మూడు దాటిన పగళ్ళెన్ని, చల్లబడని రాత్రులెన్ని, ఆ వేడి ఎన్ని రోజులు వదలకుండా పట్టుకుంది. వాటిని బట్టి రాబోయే పాతికేళ్ళకి రెండు దారులు గియ్యాలి. మనుషులు పొగ తగ్గిస్తే ఒక దారి, ఎప్పట్లా వదిలితే ఇంకో దారి. పనిచేసే చోట ఎప్పుడు ఆపాలో, ఎక్కడ నీడ వెయ్యాలో ఆ దారులు చూసి తేలుస్తారు.

ఈ ఫ్యాక్టరీకి గీసిన దారులు రెండూ చల్లటి దారులే అయ్యాయి. పాతికేళ్ళ తరవాత కూడా నలభై మూడు దాటే పగళ్ళు ఒకదాంట్లో ఏడాదికి ఆరు, రెండోదాంట్లో పదకొండు. రేపు సోమవారం పదింటికి ఆ కాగితం మీటింగులో పెట్టాలి. మేనేజరు ఇప్పటికే దాని నకలు చదివి, ఆ ఎండకి యార్డు మీద పైకప్పు ఎందుకు, పదకొండేళ్ళుగా మోగని సైరన్ ఎందుకు, పీకేద్దాం అన్నాడట.

శుక్రవారం సాయంత్రం దాకా ఆమెకీ ఏమీ తెలియదు. రాత్రులు ఏటికేడు ఉడికిపోతుంటే పగళ్ళు మాత్రం పదకొండేళ్ళ కిందటి వేసవిలో ఉన్నట్టుండి మూడు డిగ్రీలు దిగి, అక్కడే ఆగిపోయాయి. అదేమిటో అంతుపట్టక, సోమ, మంగళ అంటూ వారాల వారీగా రోజులకి రంగులు వేసింది. ఆరు రోజులు ఒక ఎత్తు, ఆదివారాలు ఒక ఎత్తు. ప్రతి ఆదివారం మూడు డిగ్రీలు ఎక్కువ. మీ సూర్యుడికి ఆదివారం ఓవర్ టైమ్ ఉన్నట్టుందని పక్క సీటాయన నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఆదివారాలు యార్డులో పని ఉండదు, పెద్దాయనకి సెలవు, ఆ రోజు అంకె రాసేది గేటాయన. ఆయనకి చూపు సరిగా ఆనదని ఫ్యాక్టరీలో అందరూ ఏళ్ళ తరబడి చెప్పుకుని నవ్వుకునేదే.

నవ్వుకుంటూనే ఆఫీసు మెట్లు దిగింది. నాలుగో మెట్టు మీద కుడిచెయ్యి బరువెక్కింది. నీళ్ళ డబ్బా బరువు. పదమూడేళ్ళప్పుడు వేసవి సెలవుల్లో, నాన్న వెనకాల ఆ డబ్బా మోసుకుంటూ యార్డు చివరికి వెళ్ళడం, తెల్లపెట్టె మీద కప్పిన గోనెసంచి తడపడం, తడిసిన గోనె వాసన. అన్నీ ఆ మెట్టు మీదే గుర్తొచ్చాయి. మూడు డిగ్రీలు దించింది ఆ తడి సంచే. ఆమె అక్కడే కూర్చుండిపోయింది.

శుక్రవారమే ఇంట్లో చెప్పి ఉండొచ్చు. రేపు చెబుదాం అనుకుంది. ఆ రేపే అన్న పలక ఎత్తుకున్నాడు.

నిన్న సాయంత్రం ఆస్పత్రి వరండాలో సంచి సంగతి అడిగితే పెద్దాయన తువ్వాలు దులిపి మళ్ళీ మెడలో వేసుకున్నాడు. ఇవాళ తెల్లారకుండానే యార్డుకి వెళ్ళి, మట్టిదిబ్బ వెనక దాచే సంచిని ఇంటికి తెచ్చుకుని గుమ్మంలో కూర్చున్నాడు.

“రేప్పొద్దున్నించి కప్పను,” అన్నాడు చివరికి. పొద్దుటినుంచీ అదే మొదటి మాట. “అంకె ఎంతుంటే అంతే రాస్తాను. నీ కాగితం అట్లాగే పంపెయ్.”

అలా పంపితే సైరన్ పీకేస్తారని ఆమె చెప్పింది. ఉన్న అంకె రాసినా వినడానికి సైరన్ ఉండదని, పైకప్పు మాట మళ్ళీ ఎవరూ ఎత్తరని, ఆ కాగితం ఒక రోజుది కాదని, పాతికేళ్ళదని చెప్పింది. ఆయన సంచి అంచు నుంచి ఒక పీచు లాగి, వేలికి చుట్టుకుని, విప్పాడు.

అయితే ఆ పదకొండేళ్ళూ నువ్వే కొట్టెయ్, నన్నెందుకు లాగుతావ్ అన్నాడు. తను కొట్టేస్తే, అన్న పడిపోయాడని చెల్లెలు లెక్క తారుమారు చేసిందంటారని ఆమె అంది. ఆదివారాలు చూపిస్తే గేటాయన చూపు సంగతి ఎత్తి నవ్వుతారని అంది.

“సంచి కప్పింది నేనే అని నువ్వు చెప్పాలి నాన్నా. అది ఇంకెవరు చెప్పినా చెల్లదు.”

లోపలి నుంచి అన్న గొంతు వినబడింది, నూతిలోంచి వచ్చినట్టు. నాన్నని వదిలెయ్యవే అన్నాడు. ఈ వయసులో ఆయన్ని పదిమందిలో నిలబెట్టి ఏం బావుకుంటావన్నాడు. ఒంట్లో బాగున్నప్పుడు కూడా అతను వరసగా మూడు మాటలు మాట్లాడే రకం కాదు. అలసిపోయి మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

అసలు ఆ సంచి ఎందుకొచ్చిందో ఇంట్లో అందరికీ తెలుసు. పదకొండేళ్ళ కిందట ఒక మిట్టమధ్యాహ్నం పెట్టె తెరిస్తే గాజుగొట్టం చిట్లి, పాదరసం పెట్టె అడుగున పూసలు పూసలుగా దొర్లుతోంది. అప్పటి మేనేజరు యార్డులో అందర్నీ పిలిచి, వాళ్ళ ముందు పెద్దాయన్ని నిలబెట్టి, ఇంకోటి పగిలితే ఈ గేటు తొక్కక్కర్లేదు అన్నాడు. ఎండ దెబ్బకే పగిలిందని పెద్దాయన నమ్మాడు. కొత్త గొట్టం వచ్చిన రోజే సంచి వచ్చింది. వేసవి నాలుగు నెలలూ, పదకొండు గంటలకి తడి సంచి కప్పడం, రెండింటికి అంచు ఎత్తి అంకె చూడడం, మళ్ళీ కప్పడం. తనిఖీవాళ్ళు వచ్చేది చలికాలంలో. యార్డులో రోజూ అందరూ ఆ సంచిని చూశారు. పెద్దాయన మెడలో తువ్వాలు ఎలాగో, పెట్టె మీద సంచి అలాగే అనుకున్నారు.

“నాన్నా, అది ఎండకి పగల్లేదు,” అంది కూతురు. చెప్పాలా వద్దా అని పొద్దుటినుంచీ తన్నుకులాడిన మాట అది. “ఎక్కడో తగిలి ముందే బీట ఇచ్చుంటుంది. ఎండకి పగిలే గాజు కాదది.”

పెద్దాయన పీచు చుట్టడం ఆపాడు.

“ఎంతదాకా ఓర్చుకుంటుందమ్మా అది?”

“అరవై దాకా.”

“అరవై,” అన్నాడు. బల్లి ఇంకో కాలు మార్చింది.

“మరి మనిషి ఎంతదాకా ఓర్చుకుంటాడు?”

ఆ మాట అడిగింది పెద్దాయన కాదు. వదిన. ఏడో నెల కడుపుతో, చేతిలో మొగుడి నుదుటి మీంచి తీసిన తడిగుడ్డతో, లోపలి గది తలుపు పట్టుకుని నిలబడి ఉంది. ఎప్పటినుంచి నిలబడిందో ఎవరూ చూడలేదు. గుడ్డలోంచి నీళ్ళు చుక్కచుక్కా నేల మీద పడుతున్నాయి. పడిన చుక్క పడినట్టే ఆరిపోతోంది.

నిన్నటినుంచీ కూతురు భయపడుతున్నది మీటింగుకి కాదు, మేనేజరుకి కాదు. ఈ తలుపు దగ్గర ఈ మనిషికి.

వదిన తండ్రి కూడా ఆ యార్డులోనే పెంకులు మోశాడు. పెద్దాయనకి వియ్యంకుడు కాకముందు నుంచీ స్నేహితుడు. మూడు వేసవుల కిందట అక్కడే పడిపోయి, మళ్ళీ లేవలేదు. గుండె ఆగిపోయిందని కాగితం రాసిచ్చారు. ఎండ వల్ల కాదా అని వదిన ఆఫీసుకి వెళ్ళి అడిగితే, బల్ల మీద నలభై రెండే ఉందమ్మా, నలభై రెండుకి ఎవరూ పోరమ్మా అని నెమ్మదిగా చెప్పి పంపారు. ఆమె ఆ మాట నమ్మి ఇంటికొచ్చింది. మూడేళ్ళుగా నమ్ముతూనే ఉంది.

“మామయ్యా, మా నాన్న పోయింది ఏ వారం?”

ఆ ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే. అయినా ఆమె అడిగింది, ఆయన చెప్పాల్సి వచ్చింది.

“గురువారం.”

“ఆ వేళ కప్పారా?”

“కప్పానమ్మాయ్.”

ఇంక అక్కడితో అయిపోతుందని కూతురు అనుకుంది. పెద్దాయన ఆగలేదు. సంచి వైపే చూస్తూ, దానికే చెబుతున్నట్టు చెప్పాడు.

“ఆ వేళ నీళ్ళ డబ్బా తెచ్చింది మీ నాన్నే. నా నడుం పట్టేసిందని తనే మోసుకొచ్చాడు. ఎండ మాడ్చేస్తోంది బావా, పాపం దానికి ఇంకో రెండు చెంబులు పొయ్యి అన్నాడు. పోశాను.”

వదిన ఏడవలేదు. చేతిలో గుడ్డని మడత పెట్టింది. మడతని మళ్ళీ మడత పెట్టింది. పట్టడానికి ఇంక గుడ్డ మిగలనంత చిన్నగా అయ్యేదాకా మడిచి, దాన్ని కిటికీ గట్టు మీద పెట్టి, కూతురి ఒళ్ళోంచి కాగితాలు అందుకుంది.

“ఇందులో పాతికేళ్ళ తరవాత అని ఉంది. అప్పటికి నా కడుపులో ఉన్నదానికి పాతికేళ్ళే కదా. అసలు లెక్క ఎంత?”

ఆదివారాల్ని పట్టుకుని మళ్ళీ గీసిన దారులు కూతురి దగ్గర ఇంకో కాగితం మీద ఉన్నాయి. దాన్ని తియ్యకుండానే చెప్పింది. పొగ తగ్గితే ముప్పై ఎనిమిది రోజులు. తగ్గకపోతే డెబ్భై.

పెద్దాయన లేచాడు. ఆరు గంటలు కూర్చున్న మోకాళ్ళు ఎదురు తిరిగాయి. గోడ పట్టుకుని నిలబడి, సంచి చంకలో పెట్టుకున్నాడు.

“నేను ఆ గాజుగొట్టాన్ని ఆదివారం పూట ఎప్పుడూ చూడలేదు,” అన్నాడు. అని ఎండలోకి దిగాడు.

కూతురు వెనకాలే పరిగెత్తింది. పదడుగులు వేశాక చూస్తే వదిన కూడా కొంగు తల మీద కప్పుకుని వస్తోంది. వద్దు వదినా, ఈ ఎండలో వద్దు అంది. వదిన విననట్టే నడిచింది. ఆ వీధిలో నీడ అన్నది ఎంత కరువైపోయిందంటే, కరెంటు స్తంభం నీడలో ఒక కుక్క, కుక్క నీడలో ఒక కోడి నిలబడ్డాయి.

ఫ్యాక్టరీ గేటు దగ్గర గేటాయన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. సోడా సీసా అడుగుల్లాంటి కళ్ళద్దాలు. ఆదివారం అంకెలు ఎక్కువేస్తున్నాడని మేనేజర్లు ఆయన్ని చివాట్లు పెట్టేవాళ్ళు. పెద్దాయన కూడా, తన అంకెలకీ ఆయన అంకెలకీ పొంతన కుదరక, చూపు చూపించుకోవయ్యా అని పోరేవాడు. ఆ పోరు పడలేక ఆయన అద్దాలు మూడుసార్లు మార్పించాడు. మార్చిన ప్రతిసారీ మందం పెరిగింది గానీ ఆదివారం అంకె తగ్గలేదు.

ముగ్గురూ ఎండలో రావడం చూసి లేచి, ఏం జరిగిందన్నా అన్నాడు. పెద్దాయన యార్డులోకి నడిచాడు. వరసలు వరసలుగా ఆరబెట్టిన పెంకుల మధ్య, మూడేళ్ళ కిందట వియ్యంకుడు పడిన చోటు పక్కగా, నిన్న కొడుకు పడిన చోటు పక్కగా నడిచాడు. గేటాయన పుస్తకం చంకలో పెట్టుకుని వెనకాలే వచ్చాడు. అప్పటికి రెండు గంటలయింది.

సంచి లేని పెట్టె బోసిగా ఉంది. రంగు పెచ్చులు లేచింది. పెద్దాయన తలుపు తీశాడు. కళ్ళు చికిలించి చూశాడు. తువ్వాలుతో మొహం తుడుచుకుని మళ్ళీ చూశాడు.

“చదవమ్మా,” అన్నాడు కూతురితో.

“నలభై అయిదు. మీద ఒక గీత.”

ఆయన పుస్తకం అందుకుని, ఆదివారం గడిలో మొదటిసారి తన చేత్తో ఆ అంకె రాశాడు. ముత్యంలాంటి అంకె. రాసి పెన్ను మూత పెట్టాడు. గాజుగొట్టం వైపు చూస్తూ నిలబడ్డాడు. పాదరసం ఎండలో వణుకుతున్నట్టు కనబడింది.

అప్పుడు ఆయన చెయ్యి లేచింది. పదకొండేళ్ళ అలవాటు. చంకలో సంచి తనంత తానే విప్పుకుని, పెట్టె మీదికి సగం దూరం వెళ్ళింది. సంచి గాలిలో ఉంది. పెద్దాయన తన చేతిని ఎవరి చెయ్యో చూసినట్టు చూస్తున్నాడు.

వదిన ఆయన చేతిలోంచి సంచి తీసుకోలేదు. రెండో చేతిలోంచి పుస్తకం మాత్రం తీసుకుంది. వెనక్కి, వెనక్కి, మూడు వేసవులు వెనక్కి తిప్పింది. ఒక పేజీ దగ్గర ఆగి, దాని మీద అరచెయ్యి పెట్టింది.

“రేపు పదింటికి నేనూ వస్తాను,” అంది. “మామయ్య చెప్పాలనుకుంటే చెబుతారు. చెప్పకపోతే మానేస్తారు. ఈ గురువారం పేజీ మాత్రం నేను చదువుతాను.”

ఆమె ఆయన పక్కన నిలబడడానికి వస్తుందో, ఆయనకి ఎదురుగా నిలబడడానికి వస్తుందో కూతురికి అర్థం కాలేదు. మొహం చూస్తే తెలుస్తుందేమో అనుకుంది. వదిన మొహం మీద కొంగు నీడ పడి ఉంది. పెద్దాయన సంచి దించలేదు, కప్పలేదు. రేపు చెబుతానని అనలేదు, చెప్పనని అనలేదు. పెంకుల వరసల మీదుగా సెగ లేచి నలుగురి మధ్యా అద్దంలా నిలబడింది.

ఇంతసేపూ ఒకరి తరవాత ఒకరి మొహం చూస్తూ నిలబడ్డ గేటాయనకి అప్పటికి కొంత అర్థమైంది. అంకెల సంగతి అర్థమైంది, సంచి సంగతి అర్థమైంది, ఇన్నేళ్ళూ తను రాసిందే నిజమని అర్థమైంది. ఆయన నెమ్మదిగా కళ్ళద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచి, పెట్టుకోవాలో మానాలో తెలియక చేతిలోనే పట్టుకుని అడిగాడు.

“అయితే నా కళ్ళకేం కాలేదన్నమాట. మరి ఈ అద్దాల్లోంచి మా ఆవిడ ఇద్దరుగా కనబడుతుంటే, పదకొండేళ్ళుగా ఆ రెండో ఆవిడకి కూడా భయపడి చచ్చాను కదన్నా.”